పల్చటి రేకుకి గుండ్రంగా హోల్ వేయడం: వ్యాను, ఆటో, మినీ ట్రక్కు ఉన్నవాళ్ల కోసం

పోయినేడు మా మేనమామ మినీ ట్రక్కుకి రివర్స్ కెమెరా పెడదామని, వెనక బాడీ రేకుకి పది మిల్లీమీటర్ల బిట్టు పెట్టి ఒకే దెబ్బకి హోల్ వేశాను. వేశాను అంటే, బిట్టు సగం దిగేసరికి టక్కున పట్టేసుకుంది, మిషన్ నా మణికట్టుని మెలితిప్పింది, రేకు పైకి లేచింది, అంతా అయ్యాక చూస్తే అక్కడ ఉన్నది గుండ్రటి హోల్ కాదు, మూడు మూలల బొక్క. మామయ్య వంగి చూసి "ఇదేందిరా, సమోసా మాదిరి వచ్చింది" అన్నాడు. అది చాలదన్నట్టు ఆ బండి రోజూ విడవలూరు వైపు రొయ్యల గుంటలకి మేత బస్తాలు తోలుతుంది. ఉప్పుగాలి, తడి. ఆరు నెలలు తిరక్కుండానే ఆ బొక్క చుట్టూ పెయింటు పొక్కులు లేచింది, గోటితో గీకితే ఎర్రటి తుప్పు రాలింది.

నేను మెకానిక్‌ని కాదు. కావలిలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు బిగించే పని నాది. డ్రిల్లింగ్ మిషన్ రోజూ చేతిలో ఉంటుంది కాబట్టి నాకు అన్నీ వచ్చనుకున్నా. గోడకి హోల్ వేయడం వేరు, రేకుకి వేయడం వేరు అని ఆ రోజు తెలిసింది. తర్వాత ఒక ముసలి టింకరింగ్ మేస్త్రి దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నది, ఆ పైన నేను చెడగొట్టుకుని తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నా. రేకు పనిలో బలంతో పనిలేదు. రేకు కదలకుండా వెనక ఆసరా ఇవ్వడం ఒకటి, హోల్ పడ్డాక చేయాల్సిన పని వదిలేయకపోవడం ఇంకొకటి. ఈ రెండూ చేస్తే మామూలు మిషన్‌తోనే కంపెనీ వాళ్లు వేసినట్టు వస్తుంది.

అసలు మూడు మూలలు ఎందుకొస్తాయో ముందు తెలుసుకోండి, తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. మామూలు బిట్టు కొన 118 డిగ్రీల కోణంలో ఉంటుంది. పది మిల్లీమీటర్ల బిట్టుకి కొన దగ్గర్నుంచి పూర్తి లావు వచ్చేదాకా కొలిస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు. బండి బయటి రేకేమో చాలా బళ్లకి 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లే. అంటే కొన అవతలికి వెళ్లిపోయి గాల్లో తిరుగుతుంటుంది, బిట్టు అంచులు ఇంకా రేకుని తాకనే లేదు. గోడలో అయితే కొన లోపల గుచ్చుకుని బిట్టుని నడిమధ్యలో పట్టి ఉంచుతుంది, ఇక్కడ పట్టేదేమీ లేదు. అప్పుడు బిట్టు ఊగుతూ కోస్తుంది. రెండు అంచులున్న బిట్టు ఊగుతూ కోస్తే పడేది మూడు మూలల బొక్కే. ఇక చివర్లో, బిట్టు మీద మెలికలు ఉంటాయి చూడండి, అవి స్క్రూ లాగా రేకుని పైకి లాగేస్తాయి. ఆ క్షణంలోనే మణికట్టు తిరిగేది. రేకు విడిగా చేత్తో పట్టుకుని ఉంటే ఫ్యాను రెక్కలా తిరిగి వేళ్లు కోసేస్తుంది, నిజంగానే కోసేస్తుంది, తమాషా కాదు.

అదే 3 మిల్లీమీటర్ల బిట్టు తీసుకుంటే కొన ఎత్తు 0.9 మాత్రమే, అంటే ఇంచుమించు రేకు మందమంత. అందుకే చిన్న బిట్టుతో హోల్ ఎప్పుడూ శుభ్రంగా వస్తుంది, పెద్ద బిట్టుతోనే గొడవ. కాబట్టి 4 దాటితే మామూలు బిట్టుని నమ్మకండి.

ఏమేం కావాలి

డ్రిల్లింగ్ మిషన్ స్పీడు తగ్గించుకునేది అయి ఉండాలి, ఇది ముఖ్యం. గోడలకి వాడే వైరు మిషన్లు చాలావరకు నిమిషానికి 2600 చుట్లు పైనే తిరుగుతాయి, ట్రిగ్గర్ నొక్కే కొద్దీ స్పీడు మారే రకమైతే పర్లేదు, లేకపోతే రేకుకి పనికిరాదు. బ్యాటరీ మిషన్లలో పైన 1, 2 అని గేరు ఉంటుంది కదా, అందులో 1 మీద పెడితే దాదాపు 400 చుట్లు. రేకు పనికి అదే బంగారం. పైగా బండి కింద దూరినప్పుడు వైరు అడ్డం రాదు, కరెంటు పోయినా పని ఆగదు. హ్యామర్ మోడ్ మాత్రం తప్పకుండా ఆపేయండి. సుత్తి బొమ్మ మీద ఉన్న బటన్‌ని బిట్టు బొమ్మ మీదకి తిప్పండి. ఒకాయన హ్యామర్ ఆపకుండా ఆటో టాపు రేకు మీద పెట్టాడు, ఆ చప్పుడికి వీధంతా బయటికొచ్చింది.

బిట్లు హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) రకం కొనండి. గోడ బిట్టు కొనకి అడ్డంగా చిన్న పలక అతికించి ఉంటుంది, అది రాయిని పొడి చేయడానికి, ఇనుము కోయడానికి కాదు. 3 మిల్లీమీటర్లది ఒకటి, 4 ఒకటి. ఆ తర్వాత స్టెప్ బిట్టు. చూడటానికి గుడి గోపురం మాదిరి మెట్లు మెట్లుగా ఉంటుంది, 4 నుంచి 20 దాకా రెండేసి మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ తొమ్మిది మెట్లు. 4 నుంచి 32 దాకా ఉన్నవీ దొరుకుతాయి. రేకు పనిలో నేను దీన్ని మించిన వస్తువు చూడలేదు. ఏ మెట్టు దగ్గరైనా ముందు మెట్టు ఆల్రెడీ హోల్‌లో కూర్చుని ఉంటుంది కాబట్టి బిట్టు ఊగదు, హోల్ గుండ్రంగా తప్ప ఇంకోలా రాలేదు. ఒక్కో మెట్టు ఎత్తు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి రేకు అంతకంటే మందం ఉంటే ఇది పనిచేయదు, బండి రేకులకి ఆ బాధ లేదు. మరీ చవకవి కొంటే పది హోళ్లకి అంచు చచ్చిపోతుంది. అదొక్కటీ కాస్త మంచిది తీసుకోండి, మిగతావి ఎలా ఉన్నా నెట్టుకురావచ్చు.

ఇవి కాక సెంటర్ పంచ్ (సుత్తితో కొట్టి చిన్న గుంట పెట్టే మొనదేలిన ఇనుప కడ్డీ), చిన్న సుత్తి, మాస్కింగ్ టేపు, సీ క్లాంపులు (మర తిప్పి బిగించే పట్టులు) రెండు, ఒక చెక్క ముక్క, సన్నటి గుండ్రటి ఆకురాయి, పాత స్పీకరు నుంచి పీకిన అయస్కాంతం, జింక్ ప్రైమర్, సన్నటి బ్రష్. కళ్లద్దాలు. చూపు అద్దాలు కాదు, పక్కలు కూడా మూసి ఉండే పని అద్దాలు. పైకి చూస్తూ హోల్ వేసినప్పుడు రజను సరిగ్గా కంట్లోకే వస్తుంది. వచ్చిందంటే నలపొద్దు, నీళ్లతో కడిగి, అప్పటికీ గుచ్చుతుంటే నేరుగా కళ్ల డాక్టరు దగ్గరికి. పక్కవాడి చేత పైట కొంగుతో, అగ్గిపుల్లతో తీయించుకోవడం మన దగ్గర మామూలే గానీ ఇనుప ముక్క విషయంలో ఆ పని చేయకండి. చేతులకి బట్ట గ్లోవ్స్ వేసుకుని మిషన్ పట్టుకోవద్దు, దారం బిట్టుకి చుట్టుకుంటే వేలు కూడా వెంట పోతుంది. రేకు ముక్కలు మోసేటప్పుడు వేసుకోండి, మిషన్ పట్టేముందు తీసేయండి. లుంగీ, మెడలో తువ్వాలు కూడా అంతే.

హోల్ ఎక్కడ వేయకూడదు

ఇక్కడ తొందరపడకండి. బిట్టు దిగాక వెనక్కి తీసుకోలేం.

రేకు వెనక ఏముందో చూడకుండా మిషన్ ఎత్తొద్దు. లోపలి ట్రిమ్ము విప్పండి, మ్యాట్ లేపండి, సెల్‌ఫోన్ లోపల దూర్చి వీడియో తీసి చూడండి. పెట్రోలు ట్యాంకు, ఆయిల్ పైపు, బ్రేకు పైపు, వైర్ల కట్ట, ఏసీ పైపు, వీటిలో ఏదీ అటుపక్క ఉండకూడదు. నేను ఒకసారి వ్యాను డాష్‌బోర్డు కింద స్విచ్ కోసం హోల్ వేస్తూ హారన్ వైరు తెంపాను. స్టెప్ బిట్టు వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 20 మిల్లీమీటర్ల మెట్టు రేకుని తాకేసరికి బిట్టు కొన అటుపక్క నాలుగు సెంటీమీటర్లు లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. మామూలు బిట్టు అనుకుని "వెనక రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉందిలే" అంటే కుదరదు.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఎలక్ట్రిక్ బండి అయితే నారింజ రంగు తొడుగు ఉన్న వైర్ల దరిదాపుల్లోకి కూడా వెళ్లకండి, అవి హై వోల్టేజీ, మీ పని కాదు, నా పని అంతకన్నా కాదు.

ఛాసిస్ పట్టీలకి, డోరు లోపల అడ్డంగా ఉండే గట్టి కడ్డీకి, డోర్ల మధ్య స్తంభాలకి హోల్ వేయొద్దు. బండి గుద్దుకున్నప్పుడు లోపలి మనుషుల్ని కాపాడేవి అవే, కొత్త కార్లలో వాటికి వాడే ఉక్కు ఎంత గట్టిదంటే మీ బిట్టే మాడిపోతుంది. స్తంభాల్లో, టాపు అంచుల్లో ఎయిర్‌బ్యాగులు కూడా ఉండొచ్చు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్.సి.లో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో 182ఎ సెక్షన్‌ని మార్చి రాసి, అనుమతి లేని మార్పుకి ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. స్విచ్, కెమెరా, చార్జింగ్ సాకెట్ లాంటివాటికి హోల్ వేసుకోవడం వేరు, బాడీ పొడుగు పెంచడం, సీట్లు పెంచడం వేరు. అలాంటి ఆలోచన ఉంటే ముందు రవాణా ఆఫీసులో అడగండి. కొత్త బండైతే వారంటీ పుస్తకంలో తుప్పు గురించి ఏం రాశారో కూడా చూసుకోండి.

గుర్తు, పంచ్, ఆసరా

హోల్ వేసే చోట మాస్కింగ్ టేపు రెండు వరసలు అడ్డంగా, నిలువుగా అతికించండి. పెన్సిల్ గీత కనిపిస్తుంది, పెయింటు పెచ్చు లేవదు, మిషన్ చక్ (బిట్టుని పట్టి ఉంచే మూతి) తగిలినా గీత పడదు. హోల్ కింద, ఇంకో టేపుని సగం అతికించి సగం బయటికి వంచి చిన్న అరుగులా చేయండి, రాలే రజనంతా దాని మీద పడుతుంది. ఇదొక్కటి చేస్తే తర్వాత తుడిచే పని సగం తగ్గుతుంది.

రెండుసార్లు కొలవండి. స్విచ్‌ని, కెమెరాని చేత్తో అక్కడ పెట్టి చూడండి. డోరు వేసి, డిక్కీ వేసి చూడండి. స్విచ్ ముందు భాగం కుదిరినా వెనక కాలు పొడుగు వల్ల లోపల తగలొచ్చు. ప్లస్ గుర్తు గీశాక దాని నడిమధ్యలో సెంటర్ పంచ్ పెట్టి ఒక్క దెబ్బ, మెల్లగా. రేకు పల్చటిది కాబట్టి గట్టిగా కొడితే గుంట కాదు, పెద్ద సొట్ట పడుతుంది. వెనక ఎవరినైనా ఇనుప ముక్క ఆనించి పట్టుకోమనండి, అప్పుడు సొట్ట పడదు. పంచ్ కొట్టకుండా మొదలెడితే బిట్టు జారి పెయింటు మీద జారుడుబల్ల ఆడుతుంది.

ఇప్పుడు ఆసరా. నా మొదటి తప్పు ఇక్కడే. రేకు వెనక చెక్క ముక్క ఆనించి క్లాంపుతో బిగించండి. చెక్క ఏదైనా పర్లేదు, నేను ఉలవపాడు వైపు నుంచి మామిడి పళ్లు వచ్చే పెట్టెల చెక్కలు దాచుకుంటా. చెక్క ఉంటే మూడు లాభాలు. రేకు లోపలికి వంగదు. బిట్టు కొన చెక్కలో దిగి నడిమధ్యలోనే నిలబడుతుంది, అంటే ఇందాక చెప్పిన ఊగులాట ఉండదు. అటుపక్క ముళ్లు కూడా తక్కువ లేస్తాయి. విడి రేకు అయితే ఇంకా సుఖం, పైనొక చెక్క, కిందొక చెక్క పెట్టి మధ్యలో రేకుని శాండ్‌విచ్ చేసి బిగిస్తే అప్పడంలాంటి రేకుకైనా శుభ్రమైన హోల్ పడుతుంది.

బండి మీద చెక్క ఆనించడానికి సందు దొరకని చోట్లుంటాయి. అక్కడ స్టెప్ బిట్టే దిక్కు. అదీ లేదు, పెద్ద బిట్టు తప్ప గతి లేదు అనుకుంటే మేస్త్రి చెప్పిన చిట్కా ఒకటుంది. మందపాటి నూలు గుడ్డని నాలుగైదు మడతలు పెట్టి అరచేతిలో సగమంత చిన్న ముక్క చేసి, బిట్టు కొనకి, రేకుకి మధ్య పెట్టి, ఆ గుడ్డ మీదుగానే చాలా నెమ్మదిగా హోల్ వేయాలి. గుడ్డ బిట్టు చుట్టూ కూరుకుని ఊగనివ్వదు, హోల్ ఆశ్చర్యంగా గుండ్రంగా వస్తుంది. గుడ్డని వేలితో పట్టుకోకూడదు, వేలాడే కొస ఉండకూడదు. నేను రెండుసార్లే చేశా, రెండుసార్లూ పనిచేసింది, కానీ స్టెప్ బిట్టు ఉండగా ఈ సాహసం దేనికి.

ఇక హోల్ వేయడం

ముందు 3 మిల్లీమీటర్ల బిట్టు. పంచ్ గుంటలో కొన పెట్టి, మిషన్ రేకుకి నిట్టనిలువుగా ఉందా అని పక్కనుంచి ఒకరిని చూడమని చెప్పి, మెల్లగా మొదలెట్టి కొన కూర్చున్నాక కాస్త స్పీడు పెంచండి. అవతలికి దిగబోతుందనగా చెయ్యి తేలిక చేయండి. చప్పుడు మారుతుంది, రెండు మూడు హోళ్లు వేస్తే చెవికే తెలుస్తుంది. చాలామంది సరిగ్గా అప్పుడే ఇంకా గట్టిగా నొక్కుతారు.

తర్వాత 4 మిల్లీమీటర్లది, ఆ తర్వాత స్టెప్ బిట్టు. దాని మెట్ల మీద ఒక చుక్క ఇంజన్ ఆయిలో, కొంచెం గ్రీజో పూయండి. గ్రీజు అయితే రజనుని కూడా పట్టి ఉంచుతుంది, లోపల ఎక్కడపడితే అక్కడ రాలదు. కావాల్సిన సైజు మెట్టు మీద స్కెచ్ పెన్‌తోనో, సన్నటి టేపుతోనో గుర్తు పెట్టుకోండి, లేదంటే మెట్లు లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఒకటి ఎక్కువ దిగిపోతుంది. 12 కావాల్సిన చోట 14 పడితే స్విచ్ లొడలొడలాడుతుంది, అప్పుడిక వాషర్ల కోసం వెతుకులాట. చివరి మెట్టు దగ్గర మిషన్ దాదాపు ఆగిపోయేంత నెమ్మదిగా తిప్పండి.

స్పీడు ఎంత అని అడుగుతారు. మామూలు ఇనుప రేకుకి హెచ్.ఎస్.ఎస్. బిట్టు అంచు నిమిషానికి 25 మీటర్ల లెక్కన కదిలితే బాగుంటుంది. దాన్ని చుట్లలోకి మారిస్తే 3 మిల్లీమీటర్ల బిట్టుకి 2600 దాకా, 5కి 1600, 10కి 800, 20కి 400. అంటే సైజు రెట్టింపైతే స్పీడు సగం. ఈ అంకెలు గుర్తుండకపోతే రజనుని చూడండి. పొగ వస్తున్నా, రజను నీలం రంగుకి తిరుగుతున్నా స్పీడు ఎక్కువైనట్టు. పొడిలా రాలుతుంటే బిట్టు మొద్దుబారింది, లేదా మీరు సరిగా నొక్కట్లేదు. సన్నటి మెలికలుగా వస్తుంటే అంతా సరిగ్గా ఉంది.

అల్యూమినియం రేకు అయితే స్పీడు రెండింతలు పెట్టొచ్చు, కానీ అది మెత్తన, బిట్టుకి బంకలా అతుక్కుంటుంది. రెండు చుక్కల కిరోసిన్ వేయండి, అతుక్కోదు. స్టెయిన్‌లెస్ స్టీలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. స్పీడు సగం చేయాలి, నూనె ధారాళంగా వేయాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆపి ఆపి నొక్కకూడదు. బిట్టు కోయకుండా ఊరికే రుద్దుకుంటే ఆ చోటు గట్టిపడిపోతుంది, తర్వాత ఏ బిట్టూ దిగదు. ఒకే బలంతో నొక్కుతూనే ఉండాలి.

ఏ పనికి ఏ సైజో నేను వాడేవి చెప్తా. 3.2 పాప్ రివెట్‌కి 3.3, 4 రివెట్‌కి 4.1, 4.8 రివెట్‌కి 4.9. రేకుకే మర బిగించే రివెట్ నట్లు వాడితే ఎం5 (అంటే 5 మిల్లీమీటర్ల బోల్టు పట్టేది)కి 7, ఎం6కి 9, ఎం8కి 11, కానీ ప్యాకెట్ మీద వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించండి. మామూలు టాగుల్ స్విచ్‌కి 12, గుండ్రటి రాకర్ స్విచ్‌కి 20, డాష్‌బోర్డులో యు.ఎస్.బి. చార్జింగ్ సాకెట్‌కి 28 లేదా 29. రివెట్ నట్‌కి హోల్ కొంచెం వదులైనా అది తిరిగిపోతుంది, అందుకే 9 లాంటి సైజుకి స్టెప్ బిట్టులో 8 మెట్టు దాకా వెళ్లి, మిగతాది ఆకురాయితో మెల్లగా రాస్తూ నట్ పెట్టి చూసుకుంటూ పెంచుతా. టైమ్ పడుతుంది, పట్టనీయండి.

25 దాటితే హోల్ సా వాడొచ్చు. మధ్యలో సన్నటి పైలట్ బిట్టు, చుట్టూ పళ్ల గిన్నె. పల్చటి రేకులో పెద్ద పళ్లవి పట్టేసుకుని చెయ్యి విరుస్తాయి, పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నది తీసుకుని, వెనక చెక్క పెట్టి, అతి నెమ్మదిగా తిప్పండి. పార్కింగ్ సెన్సార్ల కిట్‌లో హోల్ సా ఇస్తారు కదా, అది ప్లాస్టిక్ బంపర్ కోసం, దాన్ని ఇనుప రేకు మీద ప్రయోగించకండి. ఒకే సైజు హోళ్లు ఎన్నో వేసే పని ఉన్నవాళ్లకి నాకౌట్ పంచ్ అని ఒకటుంది. చిన్న హోల్ వేసి దాంట్లో బోల్టు దూర్చి ఇటు ఒక గిన్నె, అటు ఒక కత్తెర అంచు పెట్టి స్పానర్‌తో బిగిస్తే రేకు నాణెంలా ఊడి వస్తుంది. రజను లేదు, ముళ్లు లేవు, చప్పుడు లేదు. ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ల దగ్గర ఉంటుంది, ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి. స్పీకర్లంత పెద్ద బొక్కకి మాత్రం మూలన ఒక హోల్ వేసి జిగ్ సాలో ఇనుము కోసే సన్నపళ్ల బ్లేడు పెట్టి కోయడమే, దాని అడుగుకి టేపు అతికించండి, పెయింటు గీసుకుపోకుండా.

హోల్ పడ్డాక

ఇల్లు అలకగానే పండగ కాదు. నా రెండో తప్పు ఇక్కడిది, మొదటిదానికంటే ఇదే పెద్దది, ఎందుకంటే మూడు మూలల బొక్కని బుష్‌తో (రబ్బరు బిళ్లతో) కప్పేయొచ్చు, తుప్పుని కప్పితే కింద ఇంకా హాయిగా పెరుగుతుంది.

ముందు అంచు ముళ్లు తీయాలి. హోల్‌కి రెండింతల సైజు బిట్టు చేత్తో పట్టుకుని అంచు మీద పెట్టి మూడు నాలుగు చుట్లు తిప్పండి, మిషన్ అక్కర్లేదు. అటుపక్క చెయ్యి దూరితే అటు కూడా. చెయ్యి దూరకపోతే సన్న ఆకురాయిని హోల్‌లోంచే దూర్చి వెనక్కి లాగుతూ రాయండి. వేలితో తడిమి చూడాలనిపిస్తుంది, వద్దు, చిన్న దూది ముక్కతో తడమండి, ముళ్లుంటే దూది పీచు పట్టుకుంటుంది.

తర్వాత రజను. టేపు అరుగు మీద పడ్డది మడిచి పారేయండి. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి చుట్టూ తిప్పండి, కవరు తిరగేస్తే రజనంతా కవర్లోనే ఉండిపోతుంది. డోరు లోపల, గుమ్మం కింద గాడిలో పడ్డ రజనుని వదిలేయకండి. మన దగ్గర, ముఖ్యంగా కృష్ణపట్నం, కొత్తపట్నం, రామాయపట్నం వైపు సముద్రం గాలి తగిలే ఊళ్లలో, ఆ రజను రెండు రోజుల్లో తుప్పుపట్టి పెయింటు మీద గోధుమరంగు చుక్కలు చేస్తుంది, ఆ చుక్కలు ఎంత తుడిచినా పోవు. కనిగిరి, పొదిలి వైపు వాళ్లకి ఇంత తొందరుండదేమో గానీ వాళ్లూ వానాకాలం చూడాలిగా.

ఇప్పుడు అంచుకి ప్రైమర్. అదే రోజు, అదే గంట. "రేపు వేద్దాంలే" అని బండి తోలుకెళ్లారంటే అయిపోయినట్టే, మా మామయ్య బండికి నేను చేసింది అదే. అంచుని థిన్నర్ గుడ్డతో తుడిచి నూనె జిడ్డు పూర్తిగా పోయాక, చిన్న బ్రష్‌తో జింక్ ప్రైమర్ హోల్ లోపలి అంచుకి, రెండు పక్కలా ఒక అర సెంటీమీటర్ బయటికి కూడా పూయండి. జింక్ దొరక్కపోతే రెడ్ ఆక్సైడ్ అయినా సరే, అసలు ఏమీ లేకపోవడం కంటే నయం. పూర్తిగా ఆరాక రెండో పూత. దాని మీద బండి రంగు టచప్. మా వైపు వర్షాకాలం చెమ్మకి ప్రైమర్ ఆరడం లేటవుతుంది, డబ్బా మీద రాసిన టైమ్‌కి ఇంకో గంట కలుపుకోండి. స్ప్రే కంటే బ్రష్షే నయం అని నా అభిప్రాయం, స్ప్రే అంచు మీద నిలవదు, పక్కలకి మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది.

అల్యూమినియం రేకుకి స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించేవాళ్లు జాగ్రత్త. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తడిలో కలిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా తినేయబడుతుంది. మధ్యలో నైలాన్ వాషరో, రబ్బరు వాషరో వేయండి.

వైరు పోయే ఏ హోల్‌కైనా రబ్బరు గ్రోమెట్ (హోల్ అంచుకి తొడిగే గాడి ఉన్న రింగు) తప్పనిసరి. ఎంత నున్నగా రాసినా రేకు అంచు కత్తే. బండి అదురుకి ఆర్నెల్లలో వైరు తొడుగు కోసుకుపోయి బాడీకి షార్ట్ అవుతుంది, మంటలు కూడా లేవొచ్చు. గ్రోమెట్ కొనేటప్పుడు గాడి దగ్గర సైజు అడగండి, హోల్ దానికి సరిపోవాలి, లోపలి బొక్క వైరుకి సరిపోవాలి. ముందు గ్రోమెట్ కొనుక్కుని తర్వాత హోల్ వేస్తే ఈ గొడవే ఉండదు. కొత్తగా లాగిన వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి, నా వృత్తి ఇదే కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి.

బయటి వైపు హోల్ అయితే గ్రోమెట్ చుట్టూ పి.యు. (పాలియురెథేన్) సీలెంట్ సన్నగా పెట్టండి. పులిసిన వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వాడొద్దు, అందులోంచి వచ్చే యాసిడ్ ఇనుముని తినేస్తుంది. వైరుని హోల్‌లోకి దూరే ముందు కొంచెం కిందికి వంచి ఉయ్యాలలా వదలండి, అప్పుడు వాన నీళ్లు వైరు వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

సీలెంట్ ఒక రాత్రి ఆరాక బ్యాటరీ నెగెటివ్ వైరు బిగించి, స్విచ్ వేసి చూసుకుని, హోల్ మీద చెంబుడు నీళ్లు పోసి లోపల మ్యాట్ కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే సీలెంట్ పీకి మళ్లీ పెట్టండి, నవంబరు వాయుగుండం వచ్చేదాకా ఆగొద్దు.